ఏనుగులు పోతే గండం పోతుందా?
చదరంగం ఆఖరి ఘట్టంలో ఒక తప్పు కథ

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ చదరంగ ఛాంపియన్‌షిప్ చివరి ఆట జరుగుతోంది. మొత్తం 14 ఆటల్లో 13 అయిపోయాయి. చైనాకు చెందిన ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్‌కు ఆరున్నర పాయింట్లు, సవాలు విసిరిన మన గుకేశ్‌కు ఆరున్నర. పధ్నాలుగోది కూడా డ్రా అయితే మరునాడు వేగం ఆటలు ఆడాలి. వేగం ఆటల్లో డింగ్‌దే పైచేయి అని చూస్తున్నవాళ్ళలో చాలామంది లెక్క. డింగ్‌కు కావలసింది ఒక్క డ్రా, అది చేతికి అందే దూరంలో ఉంది. అటువంటి సమయంలో 55వ ఎత్తుగా తన ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టాడు. ఆ తరువాత మూడే ఎత్తులు నడిచాయి. 58వ ఎత్తుకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. 18 ఏళ్ళ గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంతవరకు 22 ఏళ్ళకు కాస్పరోవ్ పేరిట ఉన్న రికార్డు చెరిగిపోయింది.

గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు ఇంటి పిల్లవాడు. ఆ రాత్రి మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన అభినందనలకు లెక్క లేదు. వాటి మధ్య ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపించింది: ప్రపంచ ఛాంపియన్ అన్నవాడు అంత చిన్న తప్పు ఎలా చేశాడు? అది చిన్న తప్పు కాదని, ఆ ఒక్క ఎత్తుతోనే పుట్టిన తప్పు అంతకన్నా కాదని చెప్పడానికే ఈ వ్యాసం. సావనీర్ సంపాదకులు చరిత్ర రాయమన్నారు. ఆటకూ చరిత్ర ఉంటుంది కనుక కొంచెం వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఆడిన చదరంగం నేడు పోటీల్లో ఆడేది కాదని చాలామందికి గుర్తుండే ఉంటుంది. బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే జరిగేది. రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి వరుసకు చేరితే మంత్రి కావాలని లేదు, ఏ గడికి చేరిందో ఆ గడి పావు అవుతుంది. ఏనుగు గడికి చేరితే ఏనుగు, గుర్రం గడికి చేరితే గుర్రం. మూలన ఉండేదాన్ని మనం ఏనుగు అంటాం కానీ పాత చతురంగంలో మూలన రథం ఉండేది, ఏనుగు లోపలి గడిలో నిలబడేది. లోపలి గడి పావును ఇప్పుడు శకటు అంటున్నాం. మా వైపు ఒంటె అనేవాళ్ళూ ఉన్నారు. ఐమూలగా ఎంతదూరమైనా పోతుంది కాబట్టి ఏ పేరైనా సరే.

ఈ ఆట మన దేశం నుంచి పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బులకు చేరింది. తొమ్మిది, పది శతాబ్దాల్లో బాగ్దాద్‌లో అల్-అద్లీ, అస్-సూలీ అనే ఇద్దరు ఉద్దండులు ఆఖరి ఘట్టపు చిక్కులను సేకరించి రాసిపెట్టారు. అయితే వాళ్ళ ఆటలో మంత్రి చాలా బలహీనుడు. ఐమూలగా ఒక్క గడి నడుస్తాడు, అంతే. బంటు చివరి వరుసకు చేరినా ఆ బలహీనుడే అయ్యేవాడు. పైగా ఎదుటి రాజు పక్కన ఒక్క పావు కూడా లేకుండా చేస్తే అదే గెలుపు. కాబట్టి చివర్లో ఒక బంటు ఎక్కువ ఉన్నంత మాత్రాన కొంపలు మునిగేవి కావు.

పదిహేనో శతాబ్దం చివర ఐరోపాలో మంత్రికి ఈనాటి బలం వచ్చింది. ఏనుగు నడక, శకటు నడక రెండూ అతనికే ఇచ్చారు. సాధారణంగా ఈ మార్పును ఆట ఆరంభానికి సంబంధించిందిగా చెబుతారు. నా ఉద్దేశంలో దాని అసలు దెబ్బ ఆఖరి ఘట్టం మీద పడింది. బోర్డు మీద మిగిలిన ప్రతి బంటూ కడుపులో ఒక మంత్రిని మోస్తున్నట్టయింది. నిన్నటిదాకా లెక్కలోకి రాని బంటు, ఎదుటి రాజు ఒక్క అడుగు ఆలస్యం చేస్తే మంత్రి అయిపోతుంది. ఆరంభంలో ఒక అడుగు వృథా అయితే దిద్దుకోవడానికి ముప్పై ఎత్తులు ఉంటాయి. చివర్లో పోతే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు సింగపూర్ బోర్డు దగ్గరికి వద్దాం. గడుల పేర్లు తెలియనివాళ్ళ కోసం ఒక మాట. తెల్లపావుల వైపు కూర్చుంటే ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్. కింది నుంచి పైకి 1 మొదలు 8. డింగ్‌వి తెల్లపావులు. 54 ఎత్తులు ముగిసేసరికి అతని దగ్గర రాజు, ఏనుగు, శకటు, జి3లో ఒక బంటు ఉన్నాయి. గుకేశ్ దగ్గర రాజు, ఏనుగు, శకటు, ఎఫ్5, జి4 గడుల్లో రెండు బంట్లు. శకట్లు రెండూ తెల్లగడులలో తిరిగేవే. బంటు ఒకటి తక్కువైనా తెల్లవైపు నిలబడగలదు. ఓపికగా ఏనుగును అటూ ఇటూ జరుపుతూ కాచుకోవాలి, అంతే. చూస్తున్న గ్రాండ్‌మాస్టర్లు కూడా డ్రా అనే అనుకుంటున్నారు.

కాచుకోవడమే కష్టమైన పని. నల్ల ఏనుగు బి2లో కూర్చుని తెల్లరాజును అట్టడుగు వరుసకు అదిమిపెట్టింది. డింగ్ గడియారంలో నిమిషాలు తగ్గిపోతున్నాయి, గుకేశ్ దగ్గర కావలసినంత సమయం ఉంది. అప్పుడు డింగ్ ఏనుగును ఎఫ్2కు తెచ్చి, నీ ఏనుగు నాకిచ్చి నా ఏనుగు తీసుకో అన్నాడు. ఆలోచన అర్థం కానిది కాదు. ఏనుగులు పోతే రాజుకు ఊపిరాడుతుంది. శకటు ఎదురు శకటు, ఒక బంటు ఎదురు రెండు బంట్లు మిగులుతాయి. అటువంటి ఆటలు మామూలుగా డ్రా అవుతాయి. పావులు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది కదా!

తగ్గలేదు. గుకేశ్ ఏనుగుతో ఏనుగును తీసుకున్నాడు, తెల్లరాజు తిరిగి తీసుకున్నాడు. వెంటనే గుకేశ్ తన శకటును ఈ6 నుంచి డి5కు జరిపాడు. డింగ్ శకటు ఏ8లో, బోర్డు పై మూలన ఉంది. శకటు బోర్డు నడుమ ఉంటే దానికి నాలుగు దిక్కులా దారులు ఉంటాయి. మూలన ఉంటే ఒక్కటే దారి. ఆ ఒక్క దారికీ నల్లశకటు డి5లో అడ్డం నిలిచింది, దాని వెనుక నల్లరాజు కాపు ఉన్నాడు. తెల్లశకటు బి7కో సి6కో కదిలినా అక్కడే చిక్కి చస్తుంది. మారకం తప్ప గతి లేదు. శకట్లు కూడా మారిపోయాయి. మిగిలినవి రెండు రాజులు, మూడు బంట్లు. డింగ్ రాజును ఈ3కు తెచ్చాడు, గుకేశ్ తన రాజును ఈ5లో ఎదురుగా నిలిపాడు. రాజులిద్దరూ ఒక గడి ఎడంలో ముఖాముఖిగా ఉన్నప్పుడు ఎవరి వంతు అయితే వాళ్ళు దారి వదలాలి. వంతు డింగ్‌ది. ఎటు జరిగినా నల్లరాజు లోపలికి వస్తాడు, లేదా ఎఫ్ బంటు తోసుకుని వస్తుంది. రెండింట్లోనూ జి4 బంటు మంత్రి అయి తీరుతుంది. డింగ్ చేయి చాచాడు.

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళ గురించి విన్నాం. ఇక్కడ జరిగింది ఏరు మధ్యలో తగలేయడం.

పత్రికలన్నీ ఎఫ్2 ఎత్తునే పట్టుకున్నాయి. నేను మాత్రం రెండు ఎత్తులు వెనక్కి, 53వ ఎత్తు దగ్గర ఆగుతాను. నల్ల ఏనుగు బి2కు వచ్చి బి7లో ఉన్న తెల్లశకటును బెదిరించింది. డింగ్ దానిని ఏ8 మూలకు తీశాడు. ఆ ఎత్తుతో ఆట పోలేదు. ఏనుగులు బోర్డు మీద ఉన్నంతకాలం మూలన ఉన్న శకటు దూరం నుంచి కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. కానీ ఏనుగులు మారిన మరుక్షణం ఆ మూలే బోను. శకటు అదే బి7లో ఉండి, గుకేశ్ డి5 ఆడి ఉంటే, అది సి8కు తప్పుకుని ఎఫ్5 బంటును బెదిరించేది. అంటే 53వ ఎత్తు ఒక తలుపు మూసింది, 55వ ఎత్తు మనిషిని ఆ గదిలోకి పంపింది. విడివిడిగా చూస్తే రెండూ మామూలుగానే కనిపిస్తాయి. ఆఖరి ఘట్టపు తప్పులు ఎక్కువగా ఇలా జంటగా వస్తాయి, పేరు మాత్రం రెండోదానికి పడుతుంది.

గుకేశ్ కూడా వెంటనే గమనించలేదు. ఇంకో ఎత్తు ఆడబోయి, శకటు చిక్కుకుంటుందని చూసి ఆగానని ఆట తర్వాత పత్రికల వాళ్ళతో తానే చెప్పాడు. తప్పు చేయడం ఎంత తేలికో, ఎదుటివాడి తప్పును చూడకుండా దాటిపోవడం అంతే తేలిక.

శకటు బోనులో పడడం కొత్త కథ కాదు. 1972 జూలై 11న రెక్‌జావిక్‌లో ఫిషర్, స్పాస్కీ మధ్య మొదటి ఆట. సమానంగా, డ్రా వైపు నడుస్తున్న శకట్ల ఆఖరి ఘట్టం. 29వ ఎత్తుకు ఫిషర్ తన శకటుతో హెచ్2లో ఉన్న బంటును తినేశాడు. స్పాస్కీ జి బంటును ఒక గడి ముందుకు జరిపేసరికి శకటుకు వెనక్కి దారి లేకుండా పోయింది. రెండు బంట్లు తీసుకుని శకటును వదులుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కూడా డ్రాకు దారి ఉందని విశ్లేషకులు తేల్చారు కానీ ఫిషర్ నిలబెట్టుకోలేకపోయాడు. రెండో ఆటకు అసలు రానే లేదు. 0-2తో వెనకబడి కూడా చివరికి 12.5-8.5తో గెలిచాడన్నది మనకు తెలిసిన చరిత్రే.

ఆ కాలానికీ ఈ కాలానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఫిషర్ ఆడిన ఆ ఆట ఒక్క రోజులో ముగియలేదు. అప్పట్లో కొన్ని గంటల తర్వాత ఆట ఆపి, తర్వాతి ఎత్తును కవరులో రాసి మూసిపెట్టి, మరునాడు కొనసాగించేవాళ్ళు. రాత్రంతా సహాయకులతో కూర్చుని ఆఖరి ఘట్టాన్ని తవ్వేవాళ్ళు. 1990లలో కంప్యూటర్లు బలపడ్డాక ఆ పద్ధతి పోయింది. రాత్రి ఎవడి గదిలో మంచి యంత్రం ఉంటే వాడిదే గెలుపు అయితే ఆటకు అర్థం లేదు కదా. ఫలితంగా నేటి ఆటగాడు అన్నిటికన్నా సున్నితమైన భాగాన్ని అన్నిటికన్నా అలసిన గంటలో, ఒంటరిగా ఆడాలి. సింగపూర్‌లో మొదటి 40 ఎత్తులకు 120 నిమిషాలు, తర్వాత మిగిలిన ఆట మొత్తానికి 30 నిమిషాలు, 41వ ఎత్తు నుంచి ఎత్తుకు 30 సెకన్లు అదనం. అలసినవాడికి పావులు తగ్గించుకుందామన్న కోరిక పుడుతుంది. దాన్ని తప్పుపట్టడం తేలిక, ఆ కుర్చీలో కూర్చోవడం కష్టం.

గుకేశ్ ఈ పాఠానికి చాలా దగ్గరగా పెరిగాడు. 2013 నవంబర్‌లో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ పోటీ చెన్నైలోనే జరిగింది. చదరంగం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఏడేళ్ళ గుకేశ్ ప్రేక్షకుల్లో ఉన్నాడు. అద్దాల గోడకు అవతల ఉన్న ఆ రెండు కుర్చీలను చూసే కల మొదలైందని తరువాత చెప్పుకున్నాడు. నవంబర్ 16న ఆరో ఆట. ఏనుగుల ఆఖరి ఘట్టంలో కార్ల్‌సన్ తన బంట్లను ఒక్కొక్కటే వదిలేసి ఒక్క ఎఫ్ బంటును ముందుకు తోస్తున్నాడు. 60వ ఎత్తు దగ్గర ఆనంద్ తన బి బంటును జరిపి ఉంటే డ్రా. ఏనుగును ఏ4కు తీశాడు, ఓడాడు. ముందు రోజు ఐదో ఆట కూడా ఏనుగుల ఆఖరి ఘట్టంలోనే పోయింది. ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి సొంత ఊళ్ళో, సొంత జనం ముందు కిరీటం పోగొట్టుకున్నాడు. వయసు అయిపోయిందన్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆయనే 2014 క్యాండిడేట్స్ పోటీ గెలిచి మళ్ళీ కార్ల్‌సన్ ఎదుట కూర్చున్నాడు.

ఆ కార్ల్‌సన్ ఆఖరి ఘట్టంలో ఈ తరానికే మేటి. 2025 జూన్ 1న నార్వేలో గెలుపు ఖాయమైన ఆటలో ఒక్క గుర్రం ఎత్తుతో గుకేశ్ చేతిలో ఓడి బల్లను పిడికిలితో గుద్దాడు. ఆ దృశ్యం మన మనవలందరి ఫోన్లలోనూ తిరిగింది. మేటికే అది తప్పనప్పుడు డింగ్‌ను ఎగతాళి చేసినవాళ్ళ నోళ్ళు అప్పుడు కొంచెం మూతపడ్డాయి.

మరో తెలుగు పేరు చెప్పకుండా ముందుకు పోలేను. 2025 జూలైలో జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ ఇద్దరు భారతీయుల మధ్యే జరిగింది. ఒకరు గుడివాడలో పుట్టిన 38 ఏళ్ళ కోనేరు హంపి, రెండోవారు నాగపూర్‌కు చెందిన 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్. మన ఆదిలాబాద్ వాళ్ళకు నాగపూర్ పరాయి ఊరేమీ కాదు. పెన్‌గంగ దాటితే అదే రోడ్డు. రెండు పెద్ద ఆటలు డ్రా, మొదటి ర్యాపిడ్ ఆట డ్రా. జూలై 28న రెండో ర్యాపిడ్‌లో గడియారం తరుముతుండగా హంపి ఆఖరి ఘట్టంలో పొరబడ్డారు. దివ్య 2.5-1.5తో గెలిచి, ఆ గెలుపుతోనే నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది. హంపి అప్పటికి ఏడు నెలల కిందటే, 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. వేగం ఆట ఆమెకు రాక కాదు. ఆఖరి ఘట్టం ఎవరి బిరుదులనూ లెక్కచేయదు.

మన వైపు సంగతి. కరీంనగర్‌కు 70 కిలోమీటర్ల దూరంలో హనుమకొండ కుర్రవాడు ఇరిగేసి అర్జున్ 2018లో 14 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబర్ జాబితాలో 2801 రేటింగుతో, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం తెచ్చిన ఐదుగురిలో గుకేశ్, అర్జున్, గుంటూరు హరికృష్ణ ఉన్నారు. సింగపూర్‌లో గుకేశ్ వెనుక పనిచేసిన సహాయక బృందంలోనూ హరికృష్ణ ఉన్నాడని పోటీ ముగిశాక బయటపడింది.

మన బడి రోజుల్లో చదరంగం అంటే వానాకాలం ఆటల పీరియడు. గ్రౌండు బురదైతే పి.ఈ.టి. సారు అట్టబోర్డులు బయటికి తీసేవారు. ఒక శకటు పోతే దాని చోట సీసా మూత. తప్పులకు కొదవ లేదు కానీ వాటి నుంచి నేర్చుకోవడానికి ఆస్కారం లేదు. ఎందుకంటే ఓడినవాడు పావులన్నీ ఒక్క చేత్తో కలిపేసి లేచిపోయేవాడు. ఎత్తులు రాసుకునే అలవాటు ఒక్కడికీ లేదు. ఆట అయిపోయాక మిగిలేది ‘గెలిచా’, ‘ఓడా’ అన్న మాట మాత్రమే. ఎక్కడ ఓడామో తెలిసేది కాదు. అసలు 53వ ఎత్తు అనేది ఉందని తెలిస్తే కదా దాని దగ్గర ఆగేది!

1921లో కాపాబ్లాంకా రాసిన చదరంగ పాఠాల పుస్తకం తేలికైన ఆటకట్లతో, అంటే ఆట చివరి నుంచి మొదలవుతుంది. మన దగ్గర నేర్పేవాళ్ళు చాలామంది ఇప్పటికీ మొదటి పది ఎత్తులు బట్టీ పెట్టిస్తారు. పిల్లవాడికి పది ఎత్తుల దాకా లోకం తెలుసు, ఆ తర్వాత చీకటి. గుకేశ్ గురువు విష్ణు ప్రసన్న అతణ్ణి చాలా ఏళ్ళపాటు కంప్యూటర్ ముట్టనివ్వలేదు, లెక్క తానే వేసుకోవాలన్నాడు. ఏనుగులు మారాక, శకట్లు కూడా మారాక, రాజులు ఎక్కడ నిలబడతారు అని చివరి బొమ్మ దాకా చూడడం ఆ లెక్కలో భాగమే. సింగపూర్‌లో చేతిలో ఉన్న ఎత్తును ఆపి మళ్ళీ చూసింది ఆ అలవాటే అని నా నమ్మకం.

యంత్రాల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. రాజులతో కలిపి బోర్డు మీద ఏడు పావులు ఉన్న స్థితులన్నిటికీ ఖచ్చితమైన జవాబులు 2012 నాటికి మాస్కోలో లెక్కకట్టారు. నేడు అవి ఇంటర్నెట్‌లో ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టినప్పుడు బోర్డు మీద ఉన్నవి తొమ్మిది పావులు. ఏనుగులు రెండూ మారాక మిగిలినవి సరిగ్గా ఏడు. ఆ ఏడింటినీ మన బడి ఎనిమిదో తరగతి పిల్ల ఫోనులో పెట్టి అడిగితే క్షణంలో జవాబు వస్తుంది: నల్లవైపు గెలుపు. తొమ్మిది ఉన్నప్పుడు మాత్రం ఆ పట్టికలో జవాబు దొరకదు. మారకం చేయాలా వద్దా అని అడగవలసింది అప్పుడే.